నడిచేవాడికి ఇల్లు లేని నగరం

"ఆట ఆటే గదా, అందులో కూడా వర్గాలేమిటండీ?" అని మొన్న మిత్రులొకరు నన్ను ఎగతాళి చేశారు. ఆయన అధ్యాపకులు, మన భావాలున్నవారే. అందుకే ఈ నాలుగు మాటలూ రాయవలసి వచ్చింది.

మా పెదపాడులో నా మేనల్లుడు పదోతరగతి చదువుతున్నాడు. సెలవు వస్తే కంప్యూటరు ముందు కూర్చుని, 2002లో వచ్చిన 'వైస్ సిటీ' ఆటలో కారు తోలుతాడు. కథ ఒకటున్నా దాని జోలికి పోనక్కరలేదు. దారి తెరిచి ఉన్నంత మేర నగరం నీది, ఎటు పోతావో పో! అదే దాని ఆకర్షణ.

వాడి పక్కన కూర్చుని రెండు గంటలు చూశాను. ఆ కారుకు పెట్రోలు పోయనక్కరలేదు. కారు కావాలంటే, తోలేవాణ్ణి బయటికి లాగితే చాలు. కాలిబాట మీది జనం మనం దగ్గరికి వస్తే పుడతారు, మన చూపు దాటగానే మాయమవుతారు. కంప్యూటరు శక్తిని పొదుపు చేయడానికి ఆ ఏర్పాటు తప్పదంటారు, ఒప్పుకొంటాను. కాని వారిని గుద్ది చంపితే నోట్లు రాలాలని ఏ యంత్రం శాసించింది? పోలీసులు వెంటబడితే, డబ్బిచ్చి కారుకు రంగు మార్పించుకొంటే నేరం మాసిపోతుంది. ఇది ఎవరి న్యాయమో విద్యార్థులకు వేరే చెప్పాలా?

ఇదంతా అమెరికా ధనస్వామ్యంపై వ్యంగ్యమని కొందరి సమర్థన. వ్యంగ్యం లేదనను. అయితే దెబ్బ తిన్నవాడికి ఇల్లూ పేరూ ఇవ్వని వ్యంగ్యం, కొట్టేవాడికి వినోదంగానే మిగులుతుంది.

మరి నిషేధించాలా? ఆ మాట అనేవారితోనూ నాకు పేచీయే. కలపర్రు టోల్‌గేటు దగ్గర జాతీయ రహదారి చూడండి. మా కుర్రవాడు సైకిలు దిగి, ప్రాణాలు అరచేత పెట్టుకొని దాన్ని దాటుతాడు. 2022లో ఈ దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. అసలు రోడ్డుమీద దక్కని స్వేచ్ఛను వాడు తెరమీద వెతుక్కొంటున్నాడు. ఆ కోరిక తప్పు కాదు. ఆట వాడికి రెండు గంటలు యజమాని సీటు ఇచ్చి, తనవంటి వాళ్ళను ఆ అద్దంలోంచి చూడడం నేర్పుతున్నది. నా అభ్యంతరం అదీ!

ఆ వీధులు కట్టినవారూ కూలికి పనిచేసేవారే. ఆ ఆటను తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థ 2025 అక్టోబరులో బ్రిటన్, కెనడాలలో ముప్పైమందికి పైగా ఉద్యోగులను తొలగించింది. సంఘం పెట్టుకొన్నందుకేనని యూనియన్ అన్నది. సంస్థ రహస్యాలు బయటపెట్టినందుకని యాజమాన్యం అన్నది. ఈ తగవు గురించి ఆడే కుర్రాళ్ళకు ఎవరు చెప్పారు?

"ఒరే, ఒకసారి కారు దిగి నడవరా" అన్నాను. నాలుగడుగులు నడిపించి, "నడిస్తే ఏముంది మావయ్యా ఇందులో!" అన్నాడు.

అధ్యాపక మిత్రులారా, ఆట కట్టించకండి. పక్కన కూర్చోండి. ఈ రోడ్డు ఎవరు వేశారు, ఆ నడిచేవాడి ఇల్లెక్కడ అని అడగండి. ఆ ప్రశ్న పుట్టించడమే మన పని.