ఏ కారు కొనాలి? లెక్క కట్టండి!

మీ ఇంట్లో ఎస్‌యూవీ, అంటే ఎత్తయిన పెద్ద కారు, కొనాలనుకుంటున్నారనుకోండి. అందులో ఉత్త పెట్రోలుతో నడిచేది ఒకటి. పెట్రోలు ఇంజనుకు తోడు విద్యుత్ మోటారు, బ్యాటరీ వుండే హైబ్రిడ్ ఇంకొకటి. ఏది మంచిది?

మీరు సైకిలు జోరుగా తొక్కి బ్రేకు వేస్తారు. ఆ జోరు ఏమయింది? బ్రేకు చక్రానికి రాసుకుని, వేడిగా మారి గాలిలో కలిసిపోయింది. పెట్రోలు కారులోనూ అంతే. హైబ్రిడ్‌లో మాత్రం బ్రేకు వేసినప్పుడు చక్రాలే మోటారును తిప్పుతాయి. అప్పుడది సైకిలు దీపం వెలిగించే డైనమోలాగా విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ విద్యుత్తు బ్యాటరీలో చేరి, కారు మళ్ళీ కదలడానికి పనికివస్తుంది. 1997లో జపానులో టొయోటా వారు అమ్మకానికి పెట్టిన ప్రియస్ ఇటువంటి కారే. గనక, మాటిమాటికీ ఆగే పట్నపు వీధుల్లో హైబ్రిడ్‌కు లాభం ఎక్కువ. ఆగకుండా పోయే పెద్ద రోడ్డుమీద తక్కువ.

మరి ఖరీదో? హైబ్రిడ్‌కు 2 లక్షలు ఎక్కువ అనుకుందాం. పట్నంలో లీటరుకు పెట్రోలు కారు 14 కి.మీ., హైబ్రిడ్ 20 కి.మీ. పోతాయనుకుందాం. లీటరు 100 రూపాయలు. (కంపెనీవారు చెప్పే అంకె పరీక్షలో వచ్చింది, రోడ్డుమీద సాధారణంగా అంత రాదు.)

ఏడాదికి 7,000 కి.మీ. తిరిగే ఇంటికి పెట్రోలు కారులో 500 లీటర్లు, హైబ్రిడ్‌లో 350 లీటర్లు ఖర్చు. మిగిలేది 15,000 రూపాయలు. ఎక్కువ పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి 13 ఏళ్ళ 4 నెలలు! అదే 28,000 కి.మీ. తిరిగే ఇంటికి ఏడాదికి 60,000 మిగులుతుంది. 3 ఏళ్ళ 4 నెలల్లో సొమ్ము చేతికి వస్తుంది. చూశారా, కార్లు అవే, జవాబు మాత్రం ఇంటింటికీ మారింది.

ఈ లెక్కకు అందని పద్దు ఒకటుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. దాని ఫలితం కారు లేనివారు కూడా అనుభవించాలి. 150 లీటర్లు మిగిల్చితే ఎన్ని కిలోలు తగ్గుతాయో మీరే గుణించండి.

కారు వున్న ఇంట్లో పిల్లలు ఒక పని చెయ్యండి. ఒకటో తారీఖున మీటరులోని కిలోమీటర్లు రాసుకోండి. నెలాఖరున మళ్ళీ చూసి, తేడాను 12తో హెచ్చవేయండి. కారు లేనివారు, నాన్నగారు ఏడాదిలో ఎక్కడెక్కడికి ఎన్నిసార్లు వెళతారో అడిగి అంచనా కట్టండి. పక్కింటివారు కొన్న కారును చూడకముందు, పెద్దలకు ఆ కాగితం చూపించండి.