కంచం వేరు, గాలి ఒకటే

ఇంట్లోంచి బయల్దేరే వేళ ఎవరైనా తుమ్మితే ఆగిపోతాం. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి కదులుతాం. ఒక తుమ్ము అపశకునం, రెండు తుమ్ములు శుభం. పసివాడు తుమ్మితే ‘చిరంజీవ’ అని దీవిస్తాం. వెళ్లే పని ఏమవుతుందోనన్న బెంగే తప్ప, ఆ తుమ్ము పక్కవాడి ఊపిరితిత్తులను ఏం చేస్తుందన్న ఆలోచన ఈ శకునశాస్త్రంలో ఎక్కడా లేదు.

దగ్గు విషయంలో మన జాగ్రత్త ఇంకా విచిత్రం. ఇంట్లో ఒకరికి క్షయ అని తేలగానే కంచం వేరవుతుంది, గ్లాసు వేరవుతుంది. పంక్తిలో చోటు పోతుంది. కొత్తగా వచ్చిన కోడలైతే ఏకంగా పుట్టింటికి సాగనంపుతారు. అంతా అయ్యాక మిగిలిన కుటుంబం మాత్రం, చలిగాలి తగలకూడదని కిటికీలు బిగించిన గదిలో రోగి పక్కనే పడుకుంటుంది. మడీ ఎంగిలీ నేర్చిన మనకు ముట్టుకుంటేనే రోగం. పీల్చుకునేదాని మీద ఏ నిషేధమూ లేదు.

పురాణం ఈ రోగానికి ఒక కారణం కూడా చెప్పింది. ఇరవై ఏడుగురు భార్యల్లో రోహిణినే ప్రేమించినందుకు చంద్రుడికి మామ దక్షుడు క్షయ పట్టమని శాపం పెట్టాడు. కథగా బాగుంది. కానీ రోగం శాపమైతే రోగి దోషి అవుతాడు. దోషి అన్న ముద్ర పడ్డాక మనిషి రోగాన్ని దాచుకుంటాడు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని చూపించాడు. అప్పటికే చంద్రుడి మీద కేసు కొట్టేయాల్సింది. మన ఇళ్లలో అది ఇంకా నడుస్తూనే ఉంది.

దగ్గినప్పుడు నోట్లోంచి రకరకాల పరిమాణాల్లో తుంపర్లు వస్తాయి. పెద్దవి బరువుకు కొద్ది దూరంలోనే రాలిపోతాయి. చిన్నవి క్షణాల్లో ఆరిపోయి, లోపలి సూక్ష్మజీవితో సహా గాలిలో తేలతాయి. పూజగదిలో వెలిగించిన అగరుబత్తి పొగ కాసేపటికి వంటింట్లోకి వచ్చినట్టే ఇవీ ఇల్లంతా తిరుగుతాయి. మీటరులో పది లక్షలో వంతును మైక్రాన్ అంటారు. ఐదు మైక్రాన్ల లోపు కణాలు ముక్కులో, గొంతులో చిక్కుకోకుండా ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా దిగిపోగలవు. క్షయ మొదలయ్యేది అక్కడే. ఎంగిలి కంచంలోని మెతుకు వెళ్లేది పొట్టలోకి. అందుకే కంచాల ద్వారా, దుప్పట్ల ద్వారా, కరచాలనం ద్వారా క్షయ రాదు.

ఇది ఊహ కాదు. విలియం వెల్స్, రిచర్డ్ రైలీ అనే శాస్త్రజ్ఞులు 1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో దీన్ని పరీక్షకు పెట్టారు. క్షయ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పైనున్న గదిలోకి పంపారు. అక్కడున్నవి గినీ పందులు. అవి రోగులను చూడలేదు, తాకలేదు, వాళ్ల ఎంగిలి తినలేదు. ఆ గాలి పీల్చాయి, అంతే. వాటిలో చాలావాటికి క్షయ సోకింది. అతినీలలోహిత కిరణాల గుండా పంపిన గాలి పీల్చినవి మాత్రం క్షేమంగా ఉన్నాయి.

రోగిని దూరం పెడితేనే ఇంటికి రక్షణ అన్న నమ్మకానికి జవాబు మన పక్కనే, మద్రాసులో దొరికింది. 1956లో మొదలైన క్షయ చికిత్సా కేంద్రం 193 మంది రోగులను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, మందులు. రెండో జట్టుకు అవే మందులు, కానీ ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో. ఏడాది తర్వాత చూస్తే రెండు జట్లూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. కుటుంబాలను ఐదేళ్లపాటు గమనించినా, రోగి ఇంట్లో ఉన్నందువల్ల అదనంగా రోగం పాకిన దాఖలా కనబడలేదు. సరైన మందు పడగానే రోగి నుంచి వెలువడే సూక్ష్మజీవులు వేగంగా తగ్గిపోతాయి. ఇంటికి అసలు ముప్పు మందు మొదలుకాకముందు, రోగాన్ని గుట్టుగా దాచిన నెలల్లోనే. ఆ గుట్టుకు కారణం మనం వేరుచేసిన కంచమే.

‘చేతులు కడుక్కోవడం, ఎంగిలి ముట్టకపోవడం పెద్దలు నేర్పినవే కదా’ అంటారు. నిజమే, విరేచనాలు, టైఫాయిడ్ వంటివాటి విషయంలో ఆ అలవాట్లు మేలు చేస్తాయి. జలుబు చేతుల ద్వారానూ కొంత పాకుతుంది. కానీ ఒక రోగానికి పనికొచ్చిన అలవాటు అన్ని రోగాలకూ కవచం కాదు. ఏది దేనికి పనికొస్తుందో తేల్చేది పరీక్షే, పరంపర కాదు.

ఈ కొలబద్దను శాస్త్రవేత్తలకూ పెట్టాలి. 2020 మార్చి 10న అమెరికాలోని స్కాజిట్ లోయలో 61 మంది బృందగానం సాధన చేస్తే, 53 మంది కరోనా బారిన పడ్డారు, ఇద్దరు చనిపోయారు. అయినా ఆ నెల 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా గాలి ద్వారా వ్యాపించదని ప్రకటించింది. జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాసి నిలదీశారు. చివరికి సంస్థ తన మాట మార్చుకుంది. సాక్ష్యం ముందు తలవంచిన తీరు అది. అదే రోగానికి 2021 మేలో కృష్ణపట్నంలో ఆకు మందు కోసం వేలమంది ఒకరి మీద ఒకరు పడి క్యూ కట్టారు. గాలితో పాకే జబ్బుకు మందు కావాలని గుంపులో ఊపిరి పంచుకోవడమే ఒక ప్రమాదమని ఆ క్యూలో ఎందరికి తట్టింది? కర్పూరం, వాము కట్టిన పొట్లం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్న సందేశాన్ని చదువుకున్నవాళ్లే పదిమందికి పంపారు.

మరి గాలిలోని ముప్పును తగ్గించేదేమిటి? పెరూలోని లిమా ఆసుపత్రుల్లో పరిశోధకులు గాలి కొలిచారు. కిటికీలు, తలుపులు తెరిచిన గదుల్లో సగటున గంటకు 28 సార్లు గాలి మారింది. యంత్రాలతో గాలి ఆడే గదుల్లో అది 12. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు కట్టడాలు అన్నిటికన్నా మెరుగు. మనమేమో ఏసీ బస్సుల్లో, కిక్కిరిసిన ట్యూషన్ గదుల్లో, తలుపులు మూసిన ఫంక్షన్ హాళ్లలో గంటల తరబడి కూర్చుంటున్నాం. వాస్తు కోసం గుమ్మాలు పగలగొట్టి తిప్పే మనకు, ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టించడం ఖర్చు అనిపిస్తుంది.

ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష, తేలితే నెలల తరబడి మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. తిండికి నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు. దగ్గే మనిషి మొహానికి మాస్కు, గదికి తెరిచిన కిటికీ ఉంటే మిగతావాళ్లకూ ధైర్యం. కోడలు దగ్గుతోందని పుట్టింటికి బస్సెక్కించే అత్తగారు, అదే బస్సులో ఆమెతో పాటు ఆసుపత్రిలో దిగితే చాలు. ముందు ఆ కోడలికి, ఆ వెంటనే ఇంట్లో పిల్లలకు, చివరికి తనకూ ప్రమాదం తగ్గించినట్టవుతుంది.