పేరు మారిస్తే సరిపోయే పద్యాలు

ఏటా జూలై 26న కార్గిల్ విజయ దినోత్సవం రాగానే మన కవుల కలాలు కదం తొక్కుతాయి. ‘ఓ వీరజవానా’ అన్న సంబోధన, నెత్తుటి ధారలు, భరతమాత కన్నీళ్ళు, చివర ఒక వందనం. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు ఛందస్సు, అలంకారాలు బోధించిన తెలుగు పంతులుగా ఈ పద్యాలపై నాకొక అభ్యంతరం ఉంది. వాటిలో సైనికుడు లేడు. పేరు మార్చి చదవండి, ఎవరికైనా సరిపోతాయి. అందరికీ సరిపోయే చరమగీతం ఎవరిదీ కాదు.

2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టరు కూలి, మా మదనపల్లె పక్కన కురబలకోట మండలానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ మరణించినప్పుడు కుప్పం దాకా ఇవే పద్యాలు వచ్చాయి. యుద్ధంలో ఒరిగినవానికీ, విధి నిర్వహణలో ప్రమాదం పాలైనవానికీ అదే సింహగర్జన!

మేజర్ పద్మపాణి ఆచార్య సంగతి చూడండి. మూలాలు ఒడిశావి, ఊరు హైదరాబాదు, చదువు ఉస్మానియాలో. 2003లో వచ్చిన ‘ఎల్.ఓ.సి. కార్గిల్’ హిందీ చిత్రంలో ఆయన పాత్రను మన నాగార్జున ధరించారు. నటుణ్ణి ఎరుగనివారు లేరు, ఆ మనిషిని ఎరిగినవారెందరు?

1999 జూన్ 28న ద్రాస్ ప్రాంతంలో శత్రుస్థావరాన్ని పట్టుకొనే పని ఆయన కంపెనీకి అప్పగించారు. ముందు వెళ్ళిన దళం దెబ్బతింటే, మిగిలిన దళాన్ని తానే నడిపించాడు. గుళ్ళవానలో పాకుతూ వెళ్ళి బంకరుపై గ్రెనేడ్లు విసిరాడు. గాయపడి కదలలేని స్థితిలో, తనను అక్కడే వదిలి ముందుకు సాగమని తనవాళ్ళను ఆజ్ఞాపించి, తాను కాల్పులు కొనసాగించాడు. స్థావరం చిక్కింది, ఆయన దక్కలేదు. మరణానంతరం మహావీరచక్ర ఇచ్చారు. ఇందులో ఏ ఉపమానం కావాలి?

ఆ పోరుకు తొమ్మిది రోజుల ముందు ఆయన తండ్రికి ఉత్తరం వ్రాశాడు. గర్భవతిగా ఉన్న భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమనీ, పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బుతుందనీ కోరాడు. అభిమన్యుడు తల్లి కడుపులోనే పద్మవ్యూహం విన్నాడని చెప్పుకొనే మనకు ఈ ఉత్తరం పాఠం కావద్దా?

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఒకప్పుడు తరగతిలో ‘సైనికుడు’ అనే వ్యాసం వ్రాయమన్నాను. సైన్యంలో ఉన్న నాయన సెలవుకు వచ్చాడనీ, ట్రంకుపెట్టె చింతచెట్టు కింద ఎండబెట్టాడనీ, తిరిగి వెళ్ళే రోజుకు అమ్మ క్యాలెండరులో ఒక్కొక్క గీత కొట్టేదనీ ఒక పిల్లవాడు వ్రాశాడు. ‘భావావేశం లేదు’ అని ఎర్రసిరాతో వ్రాసి, పదికి నాలుగు మార్కులు వేశాను. నెత్తుటి ధారలు పారించినవాడికి ఎనిమిది వేశాను. ఈ శుష్కపద్యాల పంటకు విత్తనాలు చల్లినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మిత్రులారా, వీరునిపై కలమెత్తే ముందు అతడు ఎవరికి ఉత్తరం వ్రాశాడో, ఆ రాత్రి ఏం చేశాడో ఒక్కటైనా తెలుసుకోండి. తెలియకపోతే మౌనం పాటించండి, అదీ గౌరవమే. నాతో విభేదించేవారు నిర్మొహమాటంగా చెప్పవచ్చు. పేరు మారిస్తే చెడిపోయే పద్యం ఒక్కటి చూపితే, నా మాట వెనక్కి తీసుకుంటాను.