స్టెంటు పెట్టి పంపడం వైద్యమా?

"రాళ్ళు" అన్న ఒక్క మాట మనకు చేసిన చేటు ఇంతా అంతా కాదు. మూత్రపిండంలోనిదీ రాయే, పిత్తాశయంలోనిదీ రాయే, పిత్తవాహికలో ఇరుక్కున్నదీ రాయే. మూడింటికీ అరటిదూట రసమే మందని చెప్పే పెద్దమనుషులకు మన బంధువర్గంలో కొదవ లేదు. వారితో నాకు తగవు లేదు. వారు ఫీజు పుచ్చుకోరు. నా తగవల్లా ఫీజు పుచ్చుకుని సగం మాటే చెప్పేవారితో.

కాలేయం నుంచి చిన్నప్రేవుకు పిత్తరసాన్ని చేర్చే వాహికకు రాయి అడ్డుపడితే కామెర్లు, చలిజ్వరం, ఒక్కోసారి క్లోమం వాపు. 1974లో జర్మనీలో క్లాసెన్, జపానులో కవాయి, ఎండోస్కోపును నోటిగుండా పంపి వాహిక ముఖద్వారాన్ని కోసే పద్ధతిని వేర్వేరుగా ప్రకటించారు. ఆ దారిన రాయిని లాగివేయడం మొదలయ్యాక చాలామందికి కడుపు కోత తప్పింది. తేలికగా రానివి నూటికి పది, పదిహేను: ఒకటిన్నర సెంటీమీటరుకు మించినవి, సన్నబడిన వాహికకు పైన చిక్కుకున్నవి, కాలేయం లోపలి శాఖల్లో దాగినవి.

మా పెదనాన్నగారిది అటువంటి మొండిరాయి. ప్లాస్టిక్ స్టెంటు ఒకటి పెట్టి, "76 ఏళ్ళ మనిషి, ఇది చాలు, ఇబ్బందైతే రండి" అని పంపారు. ఆ స్టెంటు నెలల్లోనే పూడుకుపోవచ్చుననీ, మూడు నుంచి ఆరు నెలల్లోగా తీయాలి లేదా మార్చాలనీ, రాయిని పగులగొట్టే మార్గాలున్నాయనీ ఎవరూ చెప్పలేదు. పదకొండో నెలలో ఒళ్ళంతా వణికే జ్వరం, పచ్చబడ్డ కళ్ళు, అర్ధరాత్రి అంబులెన్సు.

చీము పట్టిన వాహికలో ముందుగా స్టెంటు వేసి పిత్తాన్ని పారించడమే సరైన పని, కాదనను. దాని రాపిడికి కొన్ని రాళ్ళు చిన్నవవుతాయి కూడా. కానీ అది మజిలీ. మజిలీనే ఊరని చెప్పి దింపేస్తే ఎలా?

"పల్లెటూరివాళ్ళకు ఇవన్నీ చెప్పినా అర్థం కావు" అంటారు. బోరుమోటారు ఫుట్‌వాల్వుకు చెత్త పట్టితే నీళ్ళు రావని తెలిసిన రైతుకు స్టెంటు పూడుకుంటుందని తెలియదా?

పోనీ, ఆ మార్గాలు మనకు అందనివా? 1980లో మ్యూనిక్‌లో మూత్రపిండపు రాళ్ళపై తొలిసారి ప్రయోగించిన ఆఘాత తరంగాలనే పిత్తవాహికకూ వాడతారు. ఈ రాళ్ళు మామూలు ఎక్స్‌రేలో సాధారణంగా కనబడవు గనుక, ముక్కుగుండా వాహికలోకి సన్నని గొట్టం వేసి, మందు ఎక్కించి, రాయి జాడ పట్టి, శరీరం వెలుపలినుంచే తరంగాలను గురిపెడతారు. తరచుగా రెండు మూడు విడతలు పడుతుంది. ఆ ముక్కలను మళ్ళీ ఎండోస్కోపుతో తీయాలి. మన హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులే 2009లో 283 మంది ఫలితాలను ప్రచురించారు. 239 మందికి వాహిక పూర్తిగా శుభ్రపడింది.

లేజరు దారి వేరు. వాహికలోపలికే వెళ్ళే చిన్న స్కోపుతో రాయిని కంటితో చూస్తూ, హోల్మియం లేజరును దానికి తాకించి ముక్కలు చేస్తారు. చాలామందికి ఒక్క విడతలోనే అయిపోతుంది. గురి తప్పితే వాహిక గోడకు గాయం. పైగా ఖర్చు ఎక్కువ. యూరోపు ఎండోస్కోపీ సంఘం 2019 మార్గదర్శకాలలో కష్టసాధ్యమైన రాళ్ళకు దీన్ని సమర్థించింది. అలాగని కూడలి బోర్డుల మీద మెరిసే "లేజరు" మాటకు లొంగి, బుట్టతో వచ్చేసే చిన్నరాయికి కూడా లక్షలు పోయమని కాదు. ముఖద్వారాన్ని పెద్ద బెలూనుతో వెడల్పు చేసినా, వాహికలోనే బుట్టతో నలిపినా చాలా రాళ్ళు లొంగుతాయి. అవేవీ ఫలించనప్పటి మాట ఇది.

పెదనాన్నగారికి చివరకు అదే ఊళ్ళో మరో ఆసుపత్రిలో లేజరు చేశారు, ఒకే పూటలో. తెలివి వచ్చాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఈ మిషను నిరుడు లేదా?"

ఉంది. రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉంది.