ఆముదాలకు నూనె శాతం చూసి ధర కట్టాలి

పాల కేంద్రంలో పాలు పోస్తే వెన్న శాతం చూసి ధర కడతారు. అదే రైతు ఆముదాల బస్తాలు యార్డుకు తీసుకుపోతే, గుప్పెడు గింజలు చేతిలో పోసుకుని కంటిచూపుతోనే రేటు తేల్చేస్తారు. ఇదెక్కడి న్యాయం?

కొనేవాడికి కావలసింది నూనె. ఆముదం గింజ బరువులో దాదాపు సగం నూనే. ఏ నూనెనైనా విడగొడితే గ్లిజరిన్, కొవ్వు ఆమ్లాలు వస్తాయి. వేరుశనగ నూనెలో ముఖ్యమైనది ఓలిక్ ఆమ్లం. ఆముదంలో నూటికి 85 నుంచి 90 పాళ్లు రిసినోలిక్ ఆమ్లమే. రెండింటిలోనూ 18 కర్బన అణువులే ఉన్నా, రిసినోలిక్ ఆమ్లంలో 12వ కర్బనానికి ఆక్సిజన్, హైడ్రోజన్ జంట ఒకటి అదనంగా అంటుకుని ఉంటుంది. ఆముదం చిక్కదనం ఆ జంట వల్లనే. గ్రీజులు, రంగులు, సబ్బులు మొదలుకొని నైలాన్-11 దాకా పరిశ్రమలకు ఆముదం కావలసి వస్తున్నదీ ఈ ఆమ్లం కోసమే. మనం పండించే మరే నూనెగింజలోనూ ఇది ఇంతగా దొరకదు.

ఇంత గిరాకీ ఉన్న సరుకు పండిస్తున్నా పాలమూరు, నల్లగొండ చెలక రైతుకు ధీమా లేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో ఆముదం లేదు. దేశంలో పంట ఎక్కువగా పండేది గుజరాత్‌లో కాబట్టి మార్కెట్ పోకడ కూడా అక్కడే తేలుతుంది. మన చేతిలో ఉన్నది నాణ్యత ఒక్కటే. దానికైనా విలువ కట్టాలి కదా!

రైతు వైపు నుంచీ జాగ్రత్త అవసరం. గింజ పగిలినా, తేమ పట్టినా అందులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను విడగొట్టి ఆమ్లాలను బయటికి వదులుతుంది. అలాంటి నూనెను శుద్ధి చేయడానికి మిల్లుకు ఖర్చు, తరుగు రెండూ ఎక్కువే. ఆ నష్టాన్ని చివరికి రైతు ధరలోనే కోస్తారు. కనుక గెలలు ముదిరాకే కోయాలి. బాగా ఎండనిచ్చి, గింజ చితకకుండా కొట్టాలి. పట్టాల మీద ఆరబెట్టాలి. తాలు, పచ్చి గింజ కలపకూడదు.

ఇంత చేసిన రైతుకూ, ఏమీ చేయని రైతుకూ ఒకే ధర అయితే జాగ్రత్త ఎవరు పడతారు? ఆముదాలు వచ్చే ప్రతి యార్డులో నూనె శాతం, ఆమ్ల విలువ పరీక్షించే ఏర్పాటు ఉండాలి. ఫలితం రాసిన చీటీ వేలానికి ముందే రైతు చేతికి రావాలి. ఒక్కడు అడిగితే వినేవాడుండడు. ఊళ్లో పదిమంది సరుకు కలిపి తీసుకెళ్లి అడిగితే, పట్టించుకోక తప్పదు.