ధైర్యవచనాలతో సరిపెడతారా?

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. మంచిర్యాల జిల్లా జన్నారంలో ద్వితీయ సంవత్సరం చదివిన ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వేశారు. మొదటి ఏడాది మార్కుల్లో ముందు వరసన నిలిచిన అమ్మాయి ఆమె. జవాబుపత్రం తీయించి చూస్తే ఉన్నవి 99. ఓఎంఆర్ పత్రంలో తొమ్మిదుల గడులు నింపాల్సిన చోట సున్నాలు నింపారని తేలింది. పేపరు దిద్దిన ప్రైవేటు ఉపాధ్యాయురాలికి 5,000 రూపాయల జరిమానా వేశారు, దాన్ని సరిచూడాల్సిన పరిశీలకుణ్ని సస్పెండ్ చేశారు. అక్కడితో ఫైలు మూసుకుంది.

ఆ ఏడాది తొమ్మిది లక్షల మందికి పైగా రాసిన పరీక్షల్లో 3.28 లక్షల మంది తప్పారు. పరీక్ష రాసినవారిని గైర్హాజరైనట్టు చూపిన మార్కుల జాబితాలు ఊరూరా కనిపించాయి. రోజుల వ్యవధిలోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తన లెక్కలో అనుమానమొస్తే పేపరుకు 600 రూపాయలు కట్టి రీవెరిఫికేషన్‌కు పెట్టుకొమ్మన్న ఇంటర్ బోర్డు, తల్లిదండ్రులు దాని గేటు ముందు బైఠాయించాక, హైకోర్టు ప్రశ్నించాక, ముఖ్యమంత్రి జోక్యం చేసుకున్నాక మాత్రమే తప్పినవారందరి పత్రాలనూ ఉచితంగా పరిశీలించడానికి ఒప్పుకుంది. మే నెలాఖరున వచ్చిన ఆ పరిశీలన ఫలితాల్లో 1,137 మంది ఉత్తీర్ణులని తేలింది. శాతంలో చెబితే అర శాతం కూడా లేదు కదా అని అధికార యంత్రాంగం ఊపిరి పీల్చుకుంది. అన్యాయంగా తప్పిన ఆ 1,137 మంది నెల రోజులకు పైగా ఇరుగుపొరుగు ముందు, బంధువుల ముందు ఏ ముఖంతో తిరిగారో ఆ శాతానికి తెలియదు.

ఇంతకన్నా బాధించే మాట మరొకటి ఉంది. చనిపోయిన పిల్లల జవాబుపత్రాలను మళ్లీ చూశామని, ఫలితంలో మార్పు లేదని బోర్డు ప్రకటించింది. అంటే వారు సరైన లెక్క ప్రకారమే తప్పారు గనుక తమ బాధ్యత లేదన్నమాట! పరీక్ష తప్పిన పదిహేడేళ్ల పిల్ల ఆ సాయంత్రం ఎవరితో మాట్లాడాలి, తర్వాతి దారి ఏమిటని ఎవరిని అడగాలి అన్న ప్రశ్న బోర్డు బుర్రకు తట్టినట్టే లేదు. 2021 డిసెంబరులోనూ ఇదే తంతు. కరోనా కాలపు ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షల్లో 49 శాతం మందే గట్టెక్కారు. మరణాలు, ఆందోళనల తర్వాత డిసెంబరు 24న ప్రభుత్వం తప్పినవారందరికీ కనీస మార్కులు వేసి పాస్ చేసింది. ఆన్‌లైన్ పాఠాలు అందని పిల్లల్ని అందినవారితో కలిపి ఎందుకు కొలిచారన్న ప్రశ్నకు మాత్రం ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు. ఒకసారి చిన్న ఉద్యోగిపై వేటు, మరోసారి అందరికీ పాస్ మార్కులు. రెండు సందర్భాల్లోనూ పై మెట్టు మీదున్నవారు క్షేమం. ఈ ఆనవాయితీయే నేటికీ నడుస్తోంది.

ఈ మాట రామకృష్ణాపూర్ వంటి సింగరేణి బొగ్గు ఊళ్ల నుంచి చెప్పవలసిన అవసరం ప్రత్యేకంగా ఉంది. బొగ్గుబాయి ఊళ్లలో ఒక తరం కింద చదువు మీద ఇంత బరువు లేదు. తండ్రి బాయి పనికి వెళ్లాడు, ఆయన తర్వాత కొడుకు వెళ్లాడు. వారసత్వ ఉద్యోగం ఇంటి ఆస్తి కిందే లెక్క. 1990ల ఆరంభంలో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఓపెన్‌కాస్టులు, యంత్రాలు, ఓబీ (బొగ్గు మీది మట్టి తొలగింపు) కాంట్రాక్టుల దెబ్బకు నలభై వేల దరిదాపులకు దిగింది. వారసత్వ ఉద్యోగాల పునరుద్ధరణను 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత వచ్చిన కారుణ్య నియామకాల దారిలో తండ్రి బతికుండగా పిల్లవాడికి ఉద్యోగం రావాలంటే ఆయన మెడికల్ అన్‌ఫిట్ కావాలి. తండ్రి ఆరోగ్యం చెడితే తప్ప తనకు బతుకు లేదని తెలిసిన పిల్లవాడు ఏ మనసుతో పుస్తకం ముందు కూర్చుంటాడు? ఆ దారి కూడా లేని కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లోనైతే మిగిలింది ఒక్కటే, ర్యాంకు. గోదావరిఖని, మందమర్రి, రామకృష్ణాపూర్ క్వార్టర్లలో నేటి ఎప్‌సెట్ భయం అక్కడి నుంచి పుట్టింది. పిల్లలు సున్నితంగా తయారయ్యారని, సెల్‌ఫోన్లు చెడగొట్టాయని వేదికల మీద చెప్పే పెద్దలు ఈ లెక్కను ఒకసారి చూసుకోవాలి.

ఆ భయం ఉన్న చోటికే కార్పొరేట్ కళాశాలల పీఆర్వోలు వస్తారు. పదో తరగతి పరీక్షలు ముగియకముందే ఇల్లిల్లూ తిరిగి సీటు రిజర్వు చేస్తారు. లాభాల వాటా, దీపావళి బోనస్ ఎప్పుడు పడతాయో వారికి కార్మికుడి భార్య కంటే బాగా తెలుసు. 2024లో పర్మినెంటు కార్మికుడికి లాభాల వాటా సగటున 1.90 లక్షల రూపాయలు పడింది. అదే బొగ్గు తీసిన కాంట్రాక్టు కార్మికుడికి 5,000. తొలిసారి ఇచ్చారు గనుక అది కూడా విశేషమే. మొదటివాడి వాటా ఏడాది హాస్టల్ ఫీజుకు సరిపోతే సరిపోతుంది, రెండోవాడు అప్పు చేస్తాడు. హాస్టల్లో పిల్లల్ని మార్కులను బట్టి సెక్షన్లుగా విడదీస్తారు. వారాంతపు పరీక్షలో పదిహేను మార్కులు తగ్గితే కింది సెక్షన్‌కు నెడతారు. ఇంటికి ఫోను కూడా వంతుల ప్రకారమే. పై సెక్షన్ పిల్లల ర్యాంకులు టీవీ ప్రకటనల్లో మోగుతాయి. కింది సెక్షన్ల పిల్లల ఫీజుతోనే ఆ ప్రకటనలు నడుస్తాయన్నది బహిరంగ రహస్యం.

ర్యాంకు గురించి ఇంత ఆరాటం అవసరమా అని అడిగేవారికి ప్రభుత్వ విధానమే జవాబు. ఇంజినీరింగ్‌లో బీసీ విద్యార్థికి ర్యాంకు పదివేల లోపు వస్తే ఫీజంతా సర్కారు కడుతుంది, దాటితే ఏడాదికి 35,000 మాత్రమే. లక్ష పైబడిన ఫీజున్న కళాశాలలో మిగతాది ఇంటివాళ్లు భరించాలి. అంటే 9,990వ ర్యాంకుకూ 10,010వ ర్యాంకుకూ మధ్య ఉన్న స్వల్ప తేడాకు నాలుగేళ్లలో లక్షలు చేతులు మారతాయి. ఇంత నిర్దయగా గీత గీసిన ప్రభుత్వమే ఫలితాల రోజున "ఒత్తిడికి లోనుకావద్దు, మార్కులే జీవితం కాదు" అని ప్రకటన విడుదల చేస్తుంది. ఆ ఫీజులైనా సకాలంలో వస్తాయా అంటే, బకాయిలు చెల్లించలేదని 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు తలుపులే మూసుకున్నాయి. బకాయి వంకతో సర్టిఫికెట్లు ఆపే కళాశాలల ముందు నిలబడేది ప్రభుత్వం కాదు, పిల్లలు.

ప్రవేశాల తంతు సంగతి సరేసరి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో స్లాట్ బుకింగ్, ధ్రువపత్రాల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు, సెల్ఫ్ రిపోర్టింగ్, ఆపైన స్లైడింగ్. డిగ్రీకి దోస్త్ ఆన్‌లైన్ ప్రవేశాల విడతలు. నీట్ రాసినవారికి అఖిల భారత కోటా వేరు, రాష్ట్ర కోటా వేరు. ఇంట్లో తొలిసారి డిగ్రీ గడప తొక్కుతున్న పిల్లకు వీటిలో ఏది ముందో, ఏది వదులుకుంటే ఏది పోతుందో చెప్పే మనిషి కళాశాలలో ఉండడు. ఆప్షన్లు పెట్టేది నెట్ సెంటర్ కుర్రాడు. అతడు మంచివాడే కావచ్చు, కానీ ఒక ఆప్షన్ కిందామీదా అయితే నాలుగేళ్ల చదువు మారిపోయే పనిని విద్యాశాఖ అతడి భుజాన పెట్టి నిశ్చింతగా ఉంది. సరైన కళాశాల, సరైన కోర్సు గురించి గంటసేపు ఓపికగా మాట్లాడే మనిషి దొరికితే సగం ఆందోళన తగ్గుతుంది. మానసిక ఆరోగ్యమంటే యోగా తరగతి, ప్రేరణ ప్రసంగం అనుకునే అధికారులకు ఈ చిన్న సంగతి పట్టదు.

ఆ చేయూత కళాశాలల దయ మీద ఆధారపడే విషయం కాదని సర్వోన్నత న్యాయస్థానం ఇప్పటికే చెప్పింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023 జులైలో మరణించిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి వేసిన కేసులో 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. మానసిక ఆరోగ్యం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని తేల్చి, పదిహేను మార్గదర్శకాలు జారీచేసింది. నూరు మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు వీలైనంతవరకు విడదీయరాదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనబడేలా రాయాలి. అమలును చూడడానికి జిల్లా కలెక్టర్ అధ్యక్షతన కమిటీ ఉండాలి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు బలవన్మరణం పాలయ్యారని, అందులో 2,248 మరణాలకు పరీక్షల వైఫల్యమే కారణమని నమోదైన లెక్కలను ఆ తీర్పు ఉటంకించింది. ఆత్మహత్యల నివారణకు కార్యక్రమాలు రూపొందించడం ప్రభుత్వ విధి అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. చట్టానికి కొదవ లేదు, తీర్పుకు కొదవ లేదు. మార్కుల సెక్షన్లు మాత్రం కార్పొరేట్ వ్యాపారానికి మూలస్తంభాలు, వాటి మీద చెయ్యి వేయాలంటే రాజకీయ ధైర్యం కావాలి. పిల్లలకు ధైర్యం చెప్పేవారి దగ్గరే అది కొరవడింది.

సింగరేణి యాజమాన్యాన్ని కూడా ఈ లెక్కలోంచి తప్పించలేము. చదువు విషయంలో సంస్థ చేతులు ముడుచుకొని కూర్చుందని అనడం అన్యాయమవుతుంది. ఐఐటీ, ఐఐఎంలలో సీటు వచ్చిన కార్మికుల పిల్లల ఫీజు భరిస్తామన్న ప్రకటన 2017లో వచ్చింది. రామగుండం వైద్య కళాశాలకు సంస్థ 500 కోట్లు ఇచ్చింది, అక్కడ ఉద్యోగుల పిల్లలకు ఏడు సీట్లు కేటాయించారు. సివిల్స్ ప్రిలిమ్స్ దాటినవారికి రాష్ట్రమంతటా లక్ష రూపాయల చొప్పున ఇస్తున్నదీ సింగరేణే. అన్నీ మంచి పనులే. ఒక్కసారి వరుసలో పెట్టి చూడండి, సాయమంతా గెలిచాక అందేదే. ఐఐటీ గడప దాటినవాడికి, ప్రిలిమ్స్ గట్టెక్కినవాడికి, వైద్య సీటు సంపాదించినవారికి. ఏడు సీట్ల కోసం రాత్రింబవళ్లు చదివి ఎనిమిదో స్థానంలో నిలిచిన అమ్మాయికి సంస్థ దగ్గర ఏ పథకమూ లేదు. కాంట్రాక్టు కార్మికుడి బిడ్డ గెలిచినా ఓడినా ఈ పథకాల్లో చాలావాటికి బయటే. గనిలో పైకప్పు కూలితే ఎవరి తప్పో తేల్చే విచారణ నడుస్తుంది, రక్షణ చర్యలు రాతపూర్వకంగా మారతాయి. క్వార్టర్‌లో ఒక పిల్లవాడు పరీక్ష తప్పి కుంగిపోతే అది ఆ ఇంటి సొంత దుఃఖంగా మిగిలిపోతుంది.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. తీర్పు చెప్పిన కమిటీల్లో ఎవరున్నారో, ఎన్నిసార్లు కూర్చున్నారో, ఏ హాస్టల్‌ను తనిఖీ చేశారో మంచిర్యాల, పెద్దపల్లి కలెక్టర్లు ప్రజల ముందు పెట్టాలి. కౌన్సెలర్ లేని, మార్కుల సెక్షన్లు ఎత్తేయని కళాశాలకు బోర్డు అనుబంధ గుర్తింపు పొడిగించరాదు. ఒక కళాశాల గుర్తింపు నిజంగా ఆగితే మిగతావాటికి తీర్పును చదవడం దానంతటదే వస్తుంది. రామకృష్ణాపూర్, గోదావరిఖని ఏరియా ఆసుపత్రుల్లో ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకైనా, అంటే ఫలితాల మొదలు ప్రవేశాలు ముగిసేదాకా, మానసిక నిపుణుడు, ప్రవేశాల సలహాదారు రోజూ అందుబాటులో ఉండాలి. పర్మినెంటు, కాంట్రాక్టు తేడా ఆ గది తలుపు దగ్గర అడగరాదు. టెలిమానస్ మానసిక సహాయ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ తెలుగులోనూ పలుకుతుంది, ఆ నంబరును హాల్‌టికెట్ మీద, మార్కుల మెమో మీద అచ్చు వేయడానికి జీవో అవసరం లేదు, ఖర్చూ లేదు. మూల్యాంకనంలో దొర్లే తప్పుకు పేపరు దిద్దినవారితో పాటు ఫలితాన్ని సరిచూడకుండా విడుదల చేసిన అధికారి పేరు కూడా రికార్డుకెక్కాలి. పదివేల ర్యాంకు గీతను ఒక్క వేటుగా కాక, మెట్లు మెట్లుగా తగ్గే సాయంగా మార్చడంపై ప్రభుత్వం శాసనసభలో మాట్లాడాలి.

ఫలితాలు ఏ తేదీన, ఏ గంటకు, ఏ మంత్రి చేతుల మీదుగా విడుదలవుతాయో ముందుగానే ప్రకటించగలుగుతోంది ఇంటర్ బోర్డు. అదే ప్రకటన కింద, ఆ సాయంత్రం ఏ మండలంలో ఏ సలహాదారు ఏ నంబరులో దొరుకుతారో జాబితా వేయడం చేతకాదంటే రామకృష్ణాపూర్‌లో ఎవరూ నమ్మరు.