నడచువారికి త్రోవ

మన సంఘ గ్రంథాలయమునకు ప్రతి సాయంకాలము వచ్చి పత్రికలు చదువుకొను పెద్దలొకరు ఇకమీదట రాజాలమని గత మాసమున కబురంపిరి. వారి యిల్లు గ్రంథాలయమునకు మూడు వీధుల దూరము మాత్రమే. వారి కాళ్లలో సత్తువ తగ్గలేదు. చూపును బాగుగనే యున్నది. ఆ మూడు వీధులు దాటుటకు ధైర్యము చాలకున్నది. ఇట్టి కబురు విని నొచ్చుకొని యూరకుండుట సంఘమునకు తగదు. వారిని ఇంట కూర్చుండబెట్టిన దెవరో విచారింపవలెను.

షావుకారుపేట, తంగసాల వీధి, గోవిందప్ప నాయకుని వీధి తరతరములుగా మన వర్తకులు కాపురముండి బేరసారములు సాగించిన చోట్లు. మోటారు బండ్లు పుట్టక మునుపు ఏర్పడిన వీధులగుటచే ఇరుకుగా నున్నవి. కొత్వాల్ చావడి కూరగాయల టోకు బజారు 1996లో కోయంబేడునకు తరలిపోయినను ఈ వీధుల యొత్తిడి తీరలేదు. కొన్నిచోట్ల కాలిబాటయే లేదు. ఉన్నచోట దానిపై కరెంటు పెట్టె, లేచిన రాతిపలక, నిలిపిన మోటారు సైకిళ్లు, దుకాణపు సరుకు. నడచువాడు గత్యంతరము లేక నడివీధికి దిగుచున్నాడు. దిగినంతనే వెనుకనుండి హారను మ్రోగును.

ఇది చిన్న బాధ కాదు. 2023వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,72,890 మంది మరణించిరి. వారిలో 35,221 మంది కాలినడకన పోవుచున్నవారు. అనగా ప్రతి అయిదుగురు మృతులలో ఒకరు ఏ బండియు ఎక్కనివారు. 2016లో ఈ వంతు నూటికి పదునైదు లోపుగానే యుండెను.

చట్టము నడచువాని పక్షముననే యున్నది. అడ్డులేని కాలిబాట రాజ్యాంగపు 21వ అధికరణము క్రింద పౌరుని హక్కని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పెను. పాదచారుల విషయమున ఆరు నెలలలోపల నియమములు చేయవలెనని ఆ యేటి అక్టోబరులో రాష్ట్రములను ఆదేశించెను. మన నగర కార్పొరేషను 2014లోనే నడకకును, సైకిలుకును ప్రాధాన్యమొసగు విధానమును అంగీకరించెను. కొలతలకును కొదువ లేదు. ఇండియన్ రోడ్సు కాంగ్రెసు వారి నిర్దేశము ప్రకారము కాలిబాటపై ఏ యడ్డును లేని వెడల్పు 1.8 మీటర్లకు తగ్గరాదు. గట్టు 150 మిల్లీమీటర్లకు మించరాదు. మన గజంబద్ద లెక్కలో ఇంచుమించు రెండు గజముల వెడల్పు, అర అడుగు ఎత్తు. ఎదురుపడిన ఇద్దరు ఒరుసుకొనక పోవుటకు ఆ వెడల్పు, ముసలివారు మోకాలు పట్టుకొనక యెక్కుటకు ఆ యెత్తు.

ఇది జరుగని పనియనువారు త్యాగరాయనగరమునకు పోయి చూడవచ్చును. 1920లో ఈ కార్పొరేషనునకు అధ్యక్షులైన తెలుగువారు పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేర వెలసిన పేట అది. వారి పేరిటి రోడ్డుననే, పాండీబజారులో, 2019 నవంబరున విశాలమైన నడకబాట తెరువబడెను. అచ్చటనే మాంబళము రైలు స్టేషను నుండి బస్సు స్టాండు వరకు 570 మీటర్ల పైవంతెన బాట 2023 మే నెలలో వచ్చినది. రైలు దిగినవారికి అది మేలే. అయినను ప్రతి వీధికి వంతెన కట్టలేము. వీధిలోనే త్రోవ విడువవలెను.

ఎవరు విడువవలెను? కార్పొరేషను విడువవలెనని మనమందరము ముక్తకంఠముతో చెప్పుదుము. కాని మన గడపవైపు చూచుకొందమా? ఈ పంక్తులు వ్రాయువాని దుకాణము ముందు మొన్నమొన్నటి వరకు వీధిలోనికి చొచ్చిన మెట్లు రెండు, బస్తాలు ఆరు, ఒక స్కూటరు నుండెడివి. పైన చెప్పిన పెద్దలు నడచు త్రోవ ఆ మెట్ల ముందునుండియే. ఆ సంగతి తెలిసిననాడు సిగ్గుపడితిని. మెట్లు కొట్టివేయించి, బస్తాలు లోపలికి చేర్పించి, స్కూటరు ఇంటివద్ద విడిచి నడచి వచ్చుచున్నాను. బేరము తగ్గలేదు. నిలుచుండి సరుకు చూచుకొనుటకు చోటు దొరకినదని ఆడవారు కొందరు అనిరి.

బండి నిలుపుటకు చోటు లేనిచో కొనువారు రారని మనలో పలువురి భయము. ఏ బండిలో వచ్చినవాడైనను చివరి పది గజములు నడచియే మన మెట్టెక్కును గదా! దూసుకొనిపోవు బండివాడు మన సరుకు చూడడు. మెల్లగా నడచిపోవువాడే తలత్రిప్పి చూచును.

కాలిబాట ఖాళీ చేయుటయన్నచో పూలమ్ముకొను ఆమె గంపను లాగివేయుట యని కొందరి తలంపు. అది అన్యాయము. 2014 నాటి వీధి విక్రయదారుల చట్టము వారి జీవనమునకు రక్షణ కల్పించినది. వారికి చోట్లు నిర్ణయించు సంఘములో నూటికి నలుబది స్థానములు వారివే. ఆమె గంప ఆక్రమించు చోటు మూరెడు. మన యరుగులు ఆక్రమించినది గజములు. ముందు పెద్ద ఆక్రమణ తొలగవలెను.

కావున సభ్యులకు మా మనవి యిది. ఉగాది లోపల ఎవరి గడప ముందు వారు త్రోవ విడువవలెను. సరుకు బండ్లు ఉదయము తొమ్మిది గంటలలోపల దించి పంపివేయవలెను. అటుపిమ్మట బడులు, గుడులు, వైద్యశాలలు ఉన్న చోట్ల దాటుబాటలును, తెగక సాగు కాలిబాటయు కోరుచు కార్పొరేషనునకు అర్జీ పెట్టుదము. ఆ అర్జీపై మన యిరుగుపొరుగు తమిళులు, గుజరాతీలు, మార్వాడీలు అందరును సంతకము చేయవలెను. మన బడులకొరకు, భాషకొరకు మనము ఒంటరిగా అడుగవలసినవి అనేకములు కలవు. ఇది అట్టిది కాదు. కాలికి భాష లేదు.

గ్రంథాలయమున కిటికీ ప్రక్కనున్న ఆ పెద్దల కుర్చీని ఎవరికిని ఇయ్యవలదని కార్యదర్శిగారికి చెప్పియున్నాము. మూడు వీధుల త్రోవ బాగుపడిననాడు మనమే పోయి వారిని నడిపించుకొని వత్తము.